జైసల్మేర్‌లో సైకిల్ మీద ఐదు రోజులు: విశాఖ నుంచి ఒక్కడినే, పది వేల లోపు

ఒంటి_పెడలు:
డిసెంబర్ రెండో వారంలో జైసల్మేర్. ఒక్కడినే. రైలు టికెట్లు పక్కన పెడితే అక్కడి ఖర్చు ఐదు రోజులకి 10,000 దాటకూడదు. సైకిల్ ఇక్కణ్ణించే తీసుకెళ్దామని ఉంది. 700x35 టైర్ల (35 మి.మీ. వెడల్పు) హైబ్రిడ్, 21 గేర్లు, డిస్క్ బ్రేకులు. మొదటి రోజు కోట, రెండో రోజు సమ్ ఇసుక దిబ్బలకి వెళ్లి సాయంత్రానికి వెనక్కి, మూడో రోజు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్, నాలుగో రోజు అటే ఉన్న లోంగేవాలా మీదుగా వెనక్కి, ఐదో రోజు ఖాళీ. తప్పులుంటే చెప్పండి. ఇసుకలో టైరు కూరుకుపోకుండా ఏం చెయ్యాలో ముఖ్యంగా చెప్పండి.

పాత_చైను:
ఇసుక సంగతి తర్వాత చూద్దాం. నిన్ను ఆపేది ఇసుక కాదు, ముల్లు.

రోడ్డు దిగి పది అడుగులు వేస్తే పల్లేరు కాయలు. మన పొలం గట్ల మీద ఉండేవే, కాకపోతే అక్కడ వానాకాలం అయ్యాక ఎండి రాయిలా గట్టిపడి, డిసెంబర్‌కి నేలంతా పరుచుకుని ఉంటాయి. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దీనికి తోడు సర్కారు తుమ్మ. దాని కొమ్మలు కొట్టి కంచెలుగా వేస్తారు, విరిగిన ముక్కలు దారిలో పడతాయి. ఒక్కో ముల్లు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, పలచటి టైర్లోంచి నేరుగా ట్యూబులోకి దిగుతుంది.

కాబట్టి మొదటి సూత్రం: తారు రోడ్డు దిగితే సైకిల్ తొక్కకు, నెట్టకు కూడా. ఫొటో కోసమో నీడ కోసమో పక్కకి వెళ్లాలంటే భుజాన ఎత్తుకో. పదిహేను కిలోల బరువు ఇరవై అడుగులు మొయ్యడం కంటే నాలుగు చిల్లులకి అతుకులు వెయ్యడం కష్టం.

భీమిలి_రోడ్డు:
తనోట్ కొట్టేయండి. జైసల్మేర్ నుంచి సుమారు 120 కి.మీ., ఒక వైపే. సగం దూరంలో రామ్‌గఢ్ వస్తుంది. అది దాటాక నీళ్లకీ తిండికీ నమ్ముకోదగ్గ ఊరు లేదు, ఫోను సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. ఒంటరిగా, 35 టైర్లతో, మొదటిసారి ఎడారి చూసేవాళ్లు పెట్టుకునే దారి కాదు. చూడాలనే ఉంటే జీపులో వెళ్లండి.

జైసల్మేర్ అందం ఏమిటంటే చూడదగ్గవి చాలా వరకు 20 కి.మీ. లోపలే ఉన్నాయి, తలో దిక్కున. ఉత్తరాన బడా బాగ్ (రాజుల స్మారక ఛత్రీలు), 6 కి.మీ. వాయవ్యంలో అమర్ సాగర్, అదే దారిలో ముందుకెళ్తే 15 కి.మీ. దగ్గర లోద్రవా. పడమర సమ్ రోడ్డు మీద వెళ్లి ఎడమకి తిరిగితే పాడుబడ్డ ఊరు కుల్ధారా, 18 కి.మీ. బాడ్‌మేర్ రోడ్డు మీద అకల్ శిలాజ వనం, 17 కి.మీ. రోజుకో దిక్కు చొప్పున నాలుగు రోజులు హాయిగా సరిపోతాయి. సైకిల్‌కి అంతకంటే అనువైన ఎడారి ఊరు మన దేశంలో ఉందనుకోను.

జ్ఞానాపురం_స్పానర్:
సైకిల్ రైల్లో తీసుకెళ్లే సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు ఖర్చు, చిరాకు రెండూ అక్కడే.

బ్యాగులో కట్టి బెర్తు కింద తోసేద్దాం అనుకుంటే కొలతలు చూసుకోండి. పెట్టెలోకి అనుమతించే సామాను 100x60x25 సెం.మీ. మించకూడదు. థర్డ్ ఏసీలో అయితే 55x45x22.5. చక్రాలు రెండూ తీసేసినా ఫ్రేము ఒక్కటే మీటరు దాటుతుంది. టీటీ ఊరుకుంటే ఊరుకుంటాడు, లేదంటే జరిమానా. పద్ధతి ప్రకారం బ్రేక్ వ్యానులో (సామాన్ల పెట్టెలో) వెయ్యాలి. ఉచిత సామాను పరిమితి, స్లీపర్‌కి 40 కిలోలు, సైకిల్‌కి వర్తించదు.

కౌంటర్లో "పార్సిల్" అనకండి, "లగేజీ" అనండి. టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే మీ బండిలోనే ఎక్కుతుంది. పార్సిల్ అయితే చోటున్న బండిలో వస్తుంది, అది రేపు కావచ్చు, మూడు రోజుల తర్వాత కావచ్చు. బండికి కనీసం రెండు గంటల ముందు వెళ్లండి.

విశాఖ నుంచి భగత్ కీ కోఠీకి వారానికోసారి నేరుగా బండి ఉంది, 18573. భగత్ కీ కోఠీ అంటే జోధ్‌పూర్ ఊళ్లోనే ఉన్న ఇంకో స్టేషన్. అక్కణ్ణించి జైసల్మేర్ రైలు దారిలో సుమారు 300 కి.మీ. బండి మారాలి కాబట్టి సైకిల్ విడిపించుకుని మళ్లీ బుక్ చెయ్యాలి. అంటే రానూపోనూ నాలుగుసార్లు లగేజీ కౌంటరు, నాలుగుసార్లు హమాలీ.

పాత_చైను:
అదే చెప్పబోతున్నా. ఐదు రోజుల కోసం ఇదంతా దేనికి? అక్కడ అద్దెకి తీసుకో.

జ్ఞానాపురం_స్పానర్:
అద్దె సైకిల్ అంటే ఎక్కువగా గేర్లు లేనివి, లేదా గేర్లున్నా పనిచెయ్యనివి. ఊరి చుట్టూ 20 కి.మీ.కి చాలు. సమ్ నుంచి ఎదురుగాలిలో రావాలంటే నరకం.

తీసుకెళ్లడమే ఖాయమైతే విప్పే వరుస ఇదీ: చైనును వెనక పెద్ద పళ్ల చక్రం మీదకి వేసి, వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) బోల్టు 5 నంబరు అలెన్ కీతో విప్పి, గుడ్డ చుట్టి ఫ్రేము లోపలికి కట్టండి. విప్పకుండా వదిలేస్తే హమాలీ కింద పడేసినప్పుడు దాన్ని పట్టుకునే చిన్న అల్యూమినియం ముక్క వంగుతుంది, తర్వాత గేర్లు కుదరవు. ఆ ముక్క ఒకటి అదనంగా పెట్టుకోండి, ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, అక్కడ దొరకదు. పెడళ్లకి 15 నంబరు పానా. కుడిది మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమది రివర్స్ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. ముందు ఫోర్కు కాళ్ల మధ్య చెక్క ముక్క బిగించండి, లేకపోతే బరువు పడి దగ్గరకి నొక్కుకుపోతాయి. డిస్క్ ప్యాడ్ల మధ్య అట్టముక్క తప్పనిసరి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు లీవరు నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి.

బ్యాగు మీద మీ పేరు, ఫోను, పీఎన్‌ఆర్, దిగే స్టేషను పేరు హిందీలో కూడా రాయండి. తెలుగులో రాస్తే చదివేవాడు ఉండడు.

లాసన్స్‌బే_గాలి:
గాలి గురించి. ఏప్రిల్ నుంచి జూలై దాకా నైరుతి గాలి గట్టిగా కొడుతుంది, ఇసుక లేస్తుంది, ఎండ 45 దాకా పోతుంది. ఆ కాలం సైకిల్‌కి పనికిరాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. గాలి తక్కువ, ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది.

సమ్ పడమర వైపు ఉంది. అంటే వెళ్లేటప్పుడు వాలుగాలి, వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఇది తిరకాసు. వెళ్లేటప్పుడు 42 కి.మీ. రెండున్నర గంటల్లో అయిపోయి "ఇంతేనా" అనిపిస్తుంది. మధ్యాహ్నం నేల వేడెక్కాక గాలి పెరుగుతుంది, తిరుగు ప్రయాణం నాలుగు గంటలు పడుతుంది, సూర్యాస్తమయం చూసి బయల్దేరితే మొత్తం చీకట్లోనే. కాబట్టి అదే రోజు వెనక్కి రావడం మానుకోండి. రాత్రి అక్కడే ఉండి, పొద్దున్న గాలి నిద్రలో ఉన్నప్పుడు వచ్చేయండి.

పొద్దుకీ మన ఊరికీ తేడా కూడా గుర్తుంచుకోవాలి. మన దేశపు గడియారం లెక్క కట్టిన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది, అందుకే మనకి పొద్దు గడియారం ప్రకారమే పొడుస్తుంది. జైసల్మేర్ మనకి 12 డిగ్రీలకి పైగా పడమర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు 50 నిమిషాల వెనకబాటు. దానికి తోడు ఇంకాస్త ఉత్తరాన ఉంది కాబట్టి చలికాలం పగలు చిన్నది. డిసెంబర్ రెండో వారంలో తెల్లారేది ఏడూ ఇరవై దాటాక, పొద్దు గూకేది ఆరుకి కాస్త ముందు. బీచ్ రోడ్డులో అయిదున్నరకి తొక్కే అలవాటుతో అయిదున్నరకి బయల్దేరితే గంటన్నర దాకా చీకటి, రోడ్డు మీద ఆవులు, ఒంటెలు, లైట్లు దించని లారీలు.

తాటిచెట్లపాలెం:
చలి మర్చిపోకండి. పగలు 25, తెల్లవారుజామున 8 అలా ఉంటుంది. మనకేమో 18 పడితేనే మంకీ క్యాపు. చేతి వేళ్లు మొద్దుబారితే బ్రేకు అందదు. వేళ్లు మూసే గ్లవ్స్, గాలి ఆపే పలచటి జాకెట్టు, చెవులకి గుడ్డ. జాకెట్టు ఛాతీ మీద లోపల వార్తాపత్రిక ఒకటి పెట్టుకుంటే చాలా గాలి ఆపుతుంది, పైసా ఖర్చు లేదు. పది గంటలకి తీసి పారెయ్యొచ్చు, సారీ, చెత్తబుట్టలో వెయ్యొచ్చు.

ఒంటి_పెడలు:
తనోట్ తీసేశాను. అద్దెకే మొగ్గుతున్నా. అయితే సీటు మాత్రం నాది తీసుకెళ్లనా? నీళ్లు ఎంత మొయ్యాలి?

పాత_చైను:
సీటు వద్దు. నీ సీటుకి కింద రెండు కడ్డీలు ఉంటాయి, దాన్ని పట్టే బిగింపు నీ పైపు చివర ఉంది. సాదా సైకిళ్ల సీటుకి వేరే రకం క్లాంపు, పైపు కూడా సన్నం. పట్టదు. ప్యాడ్ ఉన్న నిక్కరు తీసుకెళ్లు, బరువూ తక్కువ.

అద్దె సైకిల్ తీసుకునే ముందు ఐదు నిమిషాలు పెట్టి చూడాల్సినవి చెప్తా. చక్రం ఎత్తి తిప్పు, బ్రేకు రబ్బరుకి ఒకేచోట రాసుకుంటుంటే రిమ్ము వంకర. స్పోకులు రెండేసి కలిపి వేళ్లతో నొక్కు, ఒకటి మెత్తగా లొంగితే ఆ చక్రం వద్దు. చైను వేలితో పైకి లాగు, అరంగుళం కంటే ఎక్కువ ఆడితే బిగించమను. టైరు పక్క గోడ చూడు, ఎండకి ఎండి పగుళ్లు వస్తాయి అక్కడ, బీటల్లోంచి దారాలు కనిపిస్తే మార్చమను. ఆఖరుది వాల్వు. సాదా సైకిళ్లకి పాతకాలపు దేశీ వాల్వు ఉంటుంది, నీ చేతిపంపు కారు వాల్వుదైతే దానికి పట్టదు. అందుకని కొట్లోనే నీ పంపుతో ఒకసారి గాలి కొట్టి చూసుకో. కుదరకపోతే చిన్న ఇత్తడి అడాప్టర్, పది ఇరవై రూపాయల వస్తువు, ఇక్కడే పూర్ణా మార్కెట్ వైపు ఏ సైకిల్ సామాన్ల కొట్లోనైనా అడిగి పెట్టుకో.

అతుకుల సామాను నీదే ఉండాలి. పది అతుకులు, ఉప్పుకాగితం, టైరు లీవర్లు రెండు, సొల్యూషన్ రెండు ట్యూబులు. సొల్యూషన్ కొత్తది, మూత తెరవనిది. ఒకసారి తెరిచింది కొన్ని వారాల్లో లోపలే ఎండిపోతుంది, రోడ్డు మీద పిండితే గాలి వస్తుంది. పూశాక అయిదు నిమిషాలు ఆగు, మెరుపు పోయి మసకబారాక అంటించు. తడిమీద అంటిస్తే వేడికి జారిపోతుంది. అక్కడ పంక్చర్లు మళ్లీ మళ్లీ అవడానికి సగం కారణం అతుకు కాదు, టైర్లో మిగిలిపోయిన రెండో ముల్లు. ట్యూబు తీశాక టైరు లోపల పాత నూలుగుడ్డ పెట్టి చుట్టూ రుద్దు, గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లు ఉంది. వేలితో రుద్దకు.

ఇంకోటి. ముల్లు దిగబడి ఉంది, గాలి పోవట్లేదు అనుకో. పీకకు. అదే బిరడా. గదికి చేరాక పీకు.

ఎండు_మామిడి:
నీళ్లు: చలికాలం కాబట్టి గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. సమ్ రోజుకి మూడు లీటర్లతో బయల్దేరాలి. మన ఊళ్లో చెమట కారి చొక్కా అంటుకుపోతుంది, ఎంత పోయిందో తెలుస్తుంది. అక్కడ గాలి పొడి, చెమట పట్టినట్టే ఉండదు, ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తే గానీ తెలీదు. దాహాన్ని నమ్మకుండా పదిహేను నిమిషాలకి రెండు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. మూత్రం ముదురు పసుపు అయితే ఆగి తాగాలి.

ఓఆర్‌ఎస్ పొట్లం కొనేటప్పుడు మీద చదవండి, లీటరుకి కలిపేవి ఉంటాయి, 200 మి.లీ.కి కలిపేవీ ఉంటాయి. పెద్ద పొట్లం చిన్న సీసాలో కలిపితే మేలు కంటే కీడు. పొట్లం లేకపోతే లీటరు నీటికి చక్కెర ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా, అన్నీ చిన్న చెంచాతో, అంచుకి సమంగా.

తిండికి అక్కడ చవకది, నిలబెట్టేది సజ్జ రొట్టె, మజ్జిగ. కేర్ సాంగ్రీ అని ఒక కూర ఉంటుంది. సాంగ్రీ అంటే మన జమ్మిచెట్టు కాయలే. దసరాకి మనం ఆకు పంచుకుంటాం, వాళ్లు కాయ వండుకుంటారు. ఆ చెట్టుని అక్కడ ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం అదే. దారిలో కాస్త నీడ దొరికితే అదీ దాని కిందే, కాకపోతే పాత_చైను గారు చెప్పినట్టు సైకిల్ ఎత్తుకుని వెళ్లాలి.

డాబాగార్డెన్స్:
ఇసుకలో తొక్కడం గురించి అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది.

పాత_చైను:
35 టైరుతో పొడి ఇసుకలో తొక్కలేడు, అంతే జవాబు. 2.1 అంగుళాల టైరైతే గాలి 35 నుంచి 20 పీఎస్‌ఐకి దించి, ఒక గేరు తేలిక చేసి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ తిప్పకుండా తొక్కితే గట్టి చోట్ల కొంత దూరం పోతుంది. ట్యూబులున్న టైరుకి అంతకంటే దించితే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కి పక్కపక్కన రెండు చిల్లులు పెడుతుంది. దిబ్బ మీదకి నడిచే వెళ్లాలి.

భీమిలి_రోడ్డు:
అనుమానం ఉంటే ఇక్కడే పరీక్షించుకోవచ్చు. ఋషికొండ దాటాక అలలు తడపని పై భాగంలో పొడి ఇసుక ఉంటుంది, పది నిమిషాలు తొక్కి చూడండి. నీటి అంచున గట్టి ఇసుక మీద తొక్కి "వచ్చేసింది" అనుకోవద్దు, ఎడారిలో తడి ఇసుక లేదు. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగడం మరవొద్దు. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం చక్రం పెట్టకండి, కాపాడుకోవాల్సిన చోటు అది.

లాసన్స్‌బే_గాలి:
చైను నూనె. మనం ఇక్కడ ఉప్పుగాలికి చిక్కటి నూనె వాడతాం. ఎడారిలో అదే నూనెకి దుమ్ము అంటుకుని సానపట్టే ముద్దలా తయారై పళ్లు తినేస్తుంది. చైను మొత్తం కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక్కో గొలుసు ముడికి ఒక్కో చుక్క పలచటి నూనె వేసి, పది నిమిషాలాగి పైనంతా తుడిచెయ్యాలి. చైను ముట్టుకుంటే వేలికి మరక అంటకూడదు. అద్దె సైకిల్‌కైనా చిన్న సీసా, గుడ్డ పెట్టుకోండి, దాదాపు ఖచ్చితంగా వాళ్లు వెయ్యరు.

డాబాగార్డెన్స్:
ఖర్చు లెక్క వేశాను. ఇవి అక్కడి ధరలు కాదు, నీకు నువ్వు గీసుకోవాల్సిన గీతలు. ఊళ్లో గది నాలుగు రాత్రులు, 700 చొప్పున 2,800. సమ్‌లో ఒక రాత్రి 2,000. తిండి రోజుకి 450, మొత్తం 2,250. సైకిల్ అద్దె నాలుగు రోజులకి 1,200. ప్రవేశ రుసుములు 600. నీళ్లు, టీలు 400. మొత్తం 9,250. మిగిలిన 750 ముట్టుకోవద్దు, సైకిల్ చెడిపోయిన రోజున దాన్ని ఆటోలో వేసుకొచ్చే డబ్బు అది.

సమ్ దగ్గర గుడారాల వాళ్లు ఒంటె సవారీ, ఆటపాట, రాత్రి భోజనం కలిపి ఒక ధర చెప్తారు. "మంచం, భోజనం, అంతే" అని విడిగా అడగాలి. ముందే ఫోనులో ఒప్పుకుని, ఆ మాట మెసేజీలో రాయించుకోవాలి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, మళ్లీ మాఘ పౌర్ణమికి జరిగే ఎడారి ఉత్సవం రోజుల్లో ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. నీది డిసెంబర్ రెండో వారం కాబట్టి పర్వాలేదు.

గది కోట లోపల తీసుకోకు. చవగ్గా దొరికినా సరే. 1156లో కట్టిన కోట, ఇప్పటికీ జనం కాపురముంటున్న కోట, పాతకాలంలో లేనన్ని నీళ్లు ఇప్పుడు లోపల వాడుతున్నారు. ఆ వాడుక నీరు కొండ మట్టిలోకి ఇంకి పునాదులు వదులవుతున్నాయి. నీకు కూడా నష్టమే, నున్నగా అరిగిన రాతి ఎత్తు మీద రోజూ సైకిల్ నెట్టుకుంటూ నాలుగు ద్వారాలు దాటాలి. కోట బయట గోపా చౌక్ చుట్టుపక్కల తీసుకో, సైకిల్‌కి అక్కడే తాళం వేసి కోటకి నడిచి వెళ్లు.

ఎండు_మామిడి:
అకల్ గురించి ఒక మాట, జనం దాన్ని దాటేస్తారు. 18 కోట్ల ఏళ్ల నాటి చెట్లు రాయిగా మారి పడి ఉన్నాయి, 21 హెక్టార్ల చోటు. రేకుల పందిళ్ల కింద మొద్దులు, బెరడు గీతలు చేతికి తగులుతాయనిపించేంత స్పష్టంగా. ఇవాళ గడ్డి మొలవని చోట ఒకప్పుడు అడవి. మిగతా చోట్ల కంటే రద్దీ తక్కువ, సైకిల్ మీద వెళ్లేవాళ్లకి సరైన చోటు.

సమ్ వైపు వెళ్తుంటే ఎడారి జాతీయ ఉద్యానం తగులుతుంది, 3,162 చ.కి.మీ. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఉండే చోటు అది. మన నంద్యాల జిల్లా (ఒకప్పటి కర్నూలు జిల్లా) రోళ్లపాడులో ఒకప్పుడు కనిపించిన పక్షే. కనబడితే రోడ్డు మీదే ఆగండి, లోపలికి వెళ్లకండి.

ఒంటి_పెడలు:
సరిచేసిన ప్లాన్. ఒకటో రోజు: సైకిల్ అద్దె, పరీక్ష, కోట కాలినడకన, సాయంత్రం బడా బాగ్. రెండు: అమర్ సాగర్, లోద్రవా, మధ్యాహ్నానికి వెనక్కి. మూడు: ఎనిమిదింటికి బయల్దేరి కుల్ధారా మీదుగా సమ్, రాత్రి అక్కడే. నాలుగు: పొద్దున్నే సమ్ నుంచి వెనక్కి, విశ్రాంతి. ఐదు: అకల్, సైకిల్ అప్పగింత. ఇంకేమైనా?

లాసన్స్‌బే_గాలి:
నాలుగో రోజు పొద్దున్నే అంటే ఏడున్నర, అయిదున్నర కాదు. మూడో రోజు కుల్ధారాలో గంటకి మించి వద్దు, సమ్ చేరేసరికి రెండు దాటకూడదు.

పాత_చైను:
కుల్ధారాలో గేటు దగ్గరే తాళం వెయ్యి. పాడుబడ్డ గోడల మధ్య అంతా పల్లేరే. చెప్పులు కాదు, మందపాటి అడుగున్న బూట్లు.

తాటిచెట్లపాలెం:
లోద్రవా, అమర్ సాగర్ రెండు చోట్లా ఉన్నవి జైన గుళ్లు. తోలు బెల్టు, తోలు పర్సు లోపలికి రానివ్వరు. రెండో రోజు గుడ్డ బెల్టు కట్టుకుని, డబ్బులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లండి.